కింది పెదవి

ముక్కుల మేస్త్రికి ఆ పేరు పెట్టింది కట్టుకున్న భార్యే. పెళ్లయిన కొత్తలో ఇంటికి ఎవరొచ్చినా ఆయన పలకరింపులు మరిచిపోయి వాళ్ల ముక్కు మీదే చూపు పెట్టి కూర్చునేవాడు. వచ్చినవాళ్లు మొహానికి ఏమంటుకుందో అని తుడుచుకుని తుడుచుకుని, కాఫీ చల్లారకముందే లేచిపోయేవారు. "మనుషుల్ని చూడండి, ముక్కుల్ని కాదు" అని ఆవిడ వంటగదిలోకి పిలిచి మరీ చీవాట్లు పెట్టేది. ఆయన బుద్ధిగా తల ఊపుతూ, కోపంలో ఆవిడ ముక్కుపుటాల్లో ఏది ఎక్కువ పొంగుతోందో గమనించేవాడు. క్రమంగా ఆ పేరు ఇల్లు దాటి, వీధి దాటి, ఆయన పనిచేసే చోటికీ చేరింది. జీతమిచ్చేవాళ్లు కూడా అసలు పేరు కోసం ఒకసారి తడుముకోవలసి వచ్చేది.

మొదట్లో ఆయన బట్టల దుకాణాలకు బొమ్మలు చేసేవాడు. అద్దం వెనక కొత్త చొక్కా తొడుక్కుని నిలబడే బొమ్మలు. వాటికి అందమైన మొహం ఉండాలి గానీ ఎవరి పోలికా ఉండకూడదు. పోలిక ఉంటే కొనేవాడి చూపు చొక్కా మీంచి మొహం మీదికి పోతుందని దుకాణాలవాళ్లు చెప్పేవారు. ఏళ్ల తరబడి ఎవరివీ కాని మొహాలు చేసి చేసి ఆయనకు చేయి తిరిగింది, మనసు విరిగింది. అలాంటి రోజుల్లో ఒక టీవీ ఛానెల్ నుంచి కబురొచ్చింది. రాజకీయ నాయకుల్ని రబ్బరు బొమ్మలుగా చేసి, వాటిచేత మాట్లాడించి జనాన్ని నవ్వించే కార్యక్రమం ఒకటి మొదలుపెడుతున్నామన్నారు. పోలికలు కావాలన్నారు. ఎంత ముదిరితే అంత మంచిదన్నారు. ఆయన ఇంటికొచ్చి భార్యతో, "ముక్కులు చూసినందుకు జీతమిస్తారట" అన్నాడు.

ఆ కార్యక్రమం పేరు 'మనవాళ్లు'. ఆదివారం సాయంత్రం అరగంట వచ్చేది. దాని వెనక చాలామందే ఉన్నా, ప్రాణమంతా ముగ్గురి చేతుల్లో ఉండేది. రాసేది ఒక సన్నపాటి అమ్మాయి, అందరూ రైటరమ్మ అనేవారు. మనిషి కళ్లద్దాలు తుడుచుకుంటూ మెల్లగా మాట్లాడేది, కాగితం మీద మాత్రం ఎవర్నీ వదిలేది కాదు. బొమ్మలోకి చేయి దూర్చి, దాని నోరు ఆడిస్తూ, ఆ నాయకుడి గొంతును ఉన్నదున్నట్టు దించేసేవాడు గొంతన్న. ఆయన సొంత గొంతు ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోయారని స్టూడియోలో వేళాకోళం చేసేవారు. బొమ్మలు చేసేది మన మేస్త్రి.

బొమ్మ మట్టితో మొదలవుతుంది. మట్టి తల ఆరిపోకుండా తడిగుడ్డ కప్పుతూ, తీస్తూ, రోజుల తరబడి దిద్దుతాడు. కుదిరిందనుకున్నాక అచ్చు తీసి, అందులో రబ్బరు నురుగు పోసి ఉడికిస్తాడు. మార్పులు చేర్పులు ఏమైనా మట్టిలో ఉన్నంతసేపే. అచ్చు తీశాక దేవుడు దిగివచ్చినా ముక్కు ముక్కే, చెవి చెవే. అందుకని మట్టి దగ్గర ఆయన ఎవరు తొందరపెట్టినా వినేవాడు కాదు. ప్రతి పెద్దమనిషీ తన మొహంలో ఏదో ఒకటి జనానికి కనపడకుండా దాచుకుంటాడనీ, ఆ ఒక్కటీ పట్టుకుంటే మిగతా మొహం దానంతటదే వచ్చేస్తుందనీ ఆయన నమ్మకం. అది దొరికేదాకా తిండి సహించేది కాదు. దొరికాక దాన్ని వేలెడు పెంచేవాడు. ఇంకో మాట కూడా అందరితో చెప్పేవాడు, కాస్త గర్వంగానే చెప్పేవాడు. అసలు మనిషికి నచ్చిందంటే ఆ బొమ్మ మనకు పనికిరాదు అని.

అప్పుడు ప్రభుత్వాన్ని నడుపుతున్న పెద్దమనిషికి ఒక అలవాటుండేది. కుర్చీలో కూర్చోబోయే ముందు మెడ తిప్పి వెనక్కి ఒక్కసారి చూసుకునేవాడు, ఎవరో లాగేస్తారన్నట్టు. కెమెరాలకు అందనంత చిన్న చూపు. మేస్త్రికి అందింది. బొమ్మకు పొడుగాటి మెడ పెట్టి, అది వెనక్కి పూర్తిగా తిరిగేలా లోపల కమ్మీ అమర్చాడు. ఇంకేముంది, దేశమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. బళ్లో పిల్లలు కూర్చునే ముందు మెడలు తిప్పడం మొదలుపెట్టారు. పెద్దాయన ఎక్కడికెళ్లినా, కూర్చునే సమయానికి సభలో గుసగుసలు పుట్టేవి. చివరికి ఆయన నిలబడే మాట్లాడి వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నాడు.

కోపం రాకుండా ఉంటుందా? ఒకరోజు మధ్యాహ్నం కొందరు మనుషులు కర్రలతో స్టూడియోలోకి వచ్చారు. ఎవరు పంపారో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బొమ్మల గదిలో దొరికినవన్నీ చీల్చి పోగులు పెట్టారు. అడ్డుపడ్డ మేస్త్రి నోటి మీద ఒకడు కొట్టాడు. ముందు పన్ను ఒకటి ఊడి చేతిలోకొచ్చింది. నెత్తురు తుడుచుకుని ఆయన చేసిన మొదటి పని కొత్త మట్టి కలపడం. వచ్చే ఆదివారానికి పెద్దాయన బొమ్మ మళ్లీ సిద్ధం, మెడ ఇంకాస్త పొడుగ్గా. ఆ వారం ఆయన వీధిలో నడిచి వెళుతుంటే మంగలి, గడ్డం సగం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి, బయటికొచ్చి చేయి కలిపాడు. ఊడిన పన్ను స్థానంలో వేరేది పెట్టించుకోమని భార్య ఎంత పోరినా ఆయన వినలేదు. ఆ సందు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించేవాడు. నవ్వవలసిన దానికంటే వెడల్పుగా నవ్వేవాడు.

దాడి జరిగిన మర్నాడు పరామర్శకు ప్రతిపక్ష నాయకుడు వచ్చాడు. తెల్లటి బట్టలు, మెత్తటి మాట. విరిగిన ముక్కాలిపీట మీదే కూర్చుని, "మీ నోరు మూస్తే ఈ దేశం నోరు మూసినట్టే" అన్నాడు. రైటరమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. అంతలో లైట్లు వేసే మనిషి ముందుకొచ్చి, ఏదో ఊరేగింపులో ఉన్నందుకు తన తమ్ముణ్ణి జైల్లో పెట్టారని, ఏ నేరమూ చేయలేదని చెప్పుకోసాగాడు. దుఃఖంలో ఉన్నవాడు కదా, చెప్పిందే చెబుతున్నాడు. వింటున్న నాయకుడు జాలిగా తల ఊపుతూనే ఉన్నాడు. కానీ కింది పెదవి కొంచెం ముందుకు జారింది. అయిందా, ఇంకా ఉందా అన్నట్టు. ఎవరో ఫోటో తీయబోయేసరికి పెదవి చప్పున సర్దుకుంది.

అందరూ ఆయన కళ్లు చూస్తున్నారు, మేస్త్రి పెదవి చూశాడు. పక్కనున్న గొంతన్నను మోచేత్తో పొడిచి, "ఆ కింది పెదవి చూశావా?" అన్నాడు.

"ముందు ఆయన్ని గెలవనీ మేస్త్రీ" అన్నాడు గొంతన్న చెవిలో. "అప్పుడు చూద్దాం పెదవి సంగతి."

ఆయన గెలిచాడు. జనం వీధుల్లోకొచ్చి గంతులేశారు. స్టూడియోలో కూడా ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. పొడుగు మెడ బొమ్మను బల్ల మీద కూర్చోబెట్టి అందరూ వీడ్కోలు చెప్పారు. రెండు రోజులు పోయాక ఆ సంబరం దిగింది, అప్పుడు అందరికీ ఒకే భయం పట్టుకుంది. ఇప్పుడేం చేస్తాం? పత్రికల్లో కూడా అదే చర్చ. మంచి రోజులొచ్చాయి గనక ఇక వెక్కిరింతలకు పనిలేదని ఒకరు రాశారు. శత్రువు పోయాక 'మనవాళ్లు' ఎవరిని చూసి బతుకుతుందని ఇంకొకరు జాలిపడ్డారు. ఛానెల్ యజమాని రిహార్సల్ గదిలో అందర్నీ కూర్చోబెట్టి గోళ్లు కొరుక్కున్నాడు.

"మన దుకాణం మూసుకోవాలా ఏంటి?" అన్నాడు.

"ఇన్నాళ్లూ మనం చేసింది సులువైన పని సార్" అంది రైటరమ్మ. "నచ్చనివాణ్ణి చూసి నవ్వాం. ఇప్పుడు నచ్చినవాణ్ణి చూసి నవ్వగలమా లేదా, అదీ చూడాలి. నవ్వలేకపోతే మనం కూడా వాళ్ల మనుషులమే అని జనం అనుకుంటారు. అప్పుడు నిజంగానే మూసుకోవచ్చు."

మేస్త్రి ఆమెకు కింది పెదవి సంగతి చెప్పాడు. చెప్పి, తన పెదవితో చేసి చూపించాడు. రైటరమ్మ చేతిలోని కలం బల్ల మీద పెట్టేసింది. తర్వాత, "మేస్త్రిగారూ, మనకింకా బతుకుంది" అంది.

ఆ వారమంతా కూర్చుని ఆమె ఒక ఘట్టం రాసింది. కొత్తాయన జనం బాధలు వింటుంటాడు. ఒక ముసలావిడ వస్తుంది, ఒక రైతు వస్తాడు, ఒక టీచరు వస్తుంది. వచ్చినవాళ్లు చెబుతూ ఉంటారు. కొత్తాయన బొమ్మ ఒక్క ముక్క మాట్లాడదు. వింటూ, వింటూ, మెల్లగా పెదవి జారుస్తుంది. అంతే. మాటలన్నీ వచ్చినవాళ్లవి, నవ్వంతా పెదవిది. చదివిన గొంతన్న కాగితాలకు దండం పెట్టాడు. ఇలాంటిది తన సర్వీసులో చూడలేదన్నాడు. కార్యక్రమం నిలబడుతుందా లేదా అన్నది ఇక మేస్త్రి మట్టిముద్దలో ఉంది.

మట్టిలో అది అద్భుతంగా కుదిరింది. మేస్త్రే చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాడు. అచ్చు తీయడానికి ముందు రోజు సెలవు. ఇంటికి బావమరిది వచ్చాడు.

బావమరిది అంటే భార్యకు తమ్ముడు. చదువుకున్నవాడు, మంచివాడు. కొత్తాయన పార్టీ కోసం ఎన్నికల్లో చెప్పులరిగేలా తిరిగినందుకు ఇప్పుడు ఆయన కార్యాలయంలోనే ఉద్యోగం దొరికింది. పళ్ల సంచి అక్క చేతికిచ్చి, కొత్త చొక్కా నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మా సారుకి మీ కార్యక్రమమంటే ప్రాణం బావా" అన్నాడు. "మొన్న కారులో కూడా అడిగారు, మీ బావ నన్నెలా చేస్తున్నాడోయ్ అని. నవ్వుతూనే అడిగార్లే."

"బాగానే చేస్తున్నారటలే" అంది అక్క లోపల్నుంచి. "రెండ్రోజులుగా అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

"నాకు తెలుసక్కా, బావ చేయి అలాంటిది" అన్నాడు బావమరిది. తర్వాత పళ్ల సంగతి మాట్లాడుకున్నారు, ఎండల సంగతి మాట్లాడుకున్నారు. అతను మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. బెదిరించాడా అంటే లేదు. ఆశ పెట్టాడా అంటే అదీ లేదు. పాపం, అతని మనసులో అలాంటి ఆలోచన ఉన్నట్టు కూడా తోచదు.

మర్నాడు పొద్దున మేస్త్రి బొమ్మల గది తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. ఎన్నడూ లేని పని. తడిగుడ్డ తీశాడు. పెదవి ముందుకు చాచి కొత్తాయన ఆయన వైపు చూస్తున్నాడు. అయిందా, ఇంకా ఉందా? మేస్త్రి తనతో తనే వాదన పెట్టుకున్నాడు. పాపం కొత్తగా వచ్చినవాడు, కొన్నాళ్లు చూడొద్దూ అనుకున్నాడు. ఆ రోజు అలిసిపోయి ఉన్నాడేమో, మనిషన్నాక పెదవి జారదా అనుకున్నాడు. మన కోసం పరామర్శకు వచ్చినవాణ్ణి మనమే అనడం ఏం మర్యాద అనుకున్నాడు. ఇన్ని అనుకున్నాడు గానీ, నాకు భయమేస్తోంది అని మాత్రం అనుకోలేదు. కర్రలు పట్టుకొచ్చిన వాళ్లకు ఎదురెళ్లిన మనిషి, కారులో ఎవరో నవ్వుతూ అడిగిన ప్రశ్నకు బెదిరిపోయాడు. బొటనవేలు పెదవి మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు.

మట్టి కదా, మాట విన్నది. పెదవి లోపలికి పోయింది. గడ్డం నునుపెక్కింది. ఎదురుగా చక్కని మనిషి, బట్టల దుకాణం అద్దం వెనక నిలబెట్టగలిగినంత చక్కని మనిషి కూర్చుని ఉన్నాడు. మేస్త్రి మనసు మారేలోపల అచ్చు తీసేశాడు.

కొత్త బొమ్మ వచ్చిన రోజు స్టూడియోలో ఒక ఆనవాయితీ ఉంది. రిహార్సల్ గదిలో బల్ల మీద బొమ్మను గుడ్డ కప్పి పెడతారు. అందరూ చుట్టూ చేరతారు. మేస్త్రి గుడ్డ లాగుతాడు. మొదట నవ్వినవాడి చేత ఆ బొమ్మకు చొక్కా తొడిగిస్తారు. ఈసారి గుడ్డ లాగాక చొక్కా తొడిగేవాడు తేలలేదు. కాసేపటికి వెనక నుంచి ఎవరో మర్యాద కోసం, "అచ్చం అలాగే ఉన్నాడు" అన్నారు. ఆ గదిలో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

రైటరమ్మ కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని వంగి చూసింది. "పెదవేదీ మేస్త్రిగారూ?"

"రబ్బరు కుంచించుకుపోయిందమ్మా" అన్నాడు మేస్త్రి. "ఈసారి సరుకు బాగాలేదు."

ఆమె నమ్మింది. అంత తెలివైన పిల్ల, ఆయన మాట కాబట్టి నమ్మింది. "మీరేం చేస్తారు పాపం" అని భుజం తట్టింది కూడా. గొంతన్న నమ్మలేదు. ఇన్నేళ్లూ ఆ రబ్బరు లోపల చేయి పెట్టుకుని బతికిన మనిషి. కుంచించుకుపోతే తలంతా కుంచించుకుపోవాలి గానీ పెదవొక్కటే ఎలా పోతుంది? బొమ్మను చేతికి తొడుక్కుని నోరు తెరిచి మూసి చూశాడు. తర్వాత మేస్త్రిని చూశాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని మేస్త్రికి ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది.

మళ్లీ చేయడానికి వ్యవధి లేదు. పెదవి లేదు గనక గొంతన్న ఆ ఘట్టాన్ని గొంతుతో లాక్కురావాలని చూశాడు. వచ్చినవాళ్లు చెప్పుకోవడం ముగించినప్పుడల్లా "అయిందా?" అని కొత్తాయన గొంతుతో అన్నాడు. ఆ చక్కని మొహం మీద ఆ మాట ఆప్యాయంగా వినిపించింది. కన్నతండ్రి అడిగినట్టుంది. ఆదివారం సాయంత్రం దేశమంతా ఆ బొమ్మను చూసి ముచ్చటపడింది. ఎవరూ నవ్వలేదు.

సోమవారం కొత్తాయన యజమానికి స్వయంగా ఫోన్ చేశాడు. బొమ్మ తనకెంతో నచ్చిందన్నాడు. ఆ వారంలోనే స్టూడియోకి వచ్చి, బొమ్మ భుజం మీద చేయి వేసి ఫోటో దిగాడు. మేస్త్రిని పిలిచి దగ్గరికి తీసుకున్నాడు. "నన్ను మరీ మంచివాణ్ణి చేశారండీ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలో మేస్త్రి నోరు మూసుకుని ఉన్నాడు. పంటి సందు కనపడలేదు. అసలు మనిషికి నచ్చిన బొమ్మ పనికిరాదని ఆయన ఎన్నిసార్లు అన్నాడో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ రోజు ఆ మాట ఎవరూ గుర్తు చేయలేదు. వాళ్లు గుర్తు చేయకపోవడమే ఆయనకు ముళ్లలా గుచ్చుకుంది.

మంచి సరుకు ఇంకా రాలేదని మేస్త్రి చెబుతూ వచ్చాడు. కొత్తాయన బొమ్మకు నవ్వు పుట్టక, కార్యక్రమం నడవాలి గనక, పాతాయన బొమ్మను మళ్లీ బయటికి తీశారు. పాతాయన అప్పటికి ఓడిపోయి, జబ్బుపడి, ఊరి చివర ఇంట్లో కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వారం వారం ఆయన్నే తెచ్చి, మెడ తిప్పించి, కుర్చీ లాగించి, కింద పడేయించారు. మేస్త్రి కొత్తగా గూను కూడా పెట్టాడు. దానికి చేయి వణకలేదు. అలా కొన్ని వారాలు గడిచాక రైటరమ్మ తన బల్ల సర్దేసుకుంది. "చచ్చిన పాముని కొట్టడానికి నేనెందుకండీ" అంది. వెళ్లేటప్పుడు మేస్త్రి గది గుమ్మం దగ్గర ఆగి, "మంచి రబ్బరు దొరికితే కబురు పెట్టండి, వచ్చేస్తాను" అని చెప్పింది. వెటకారం కాదు, నిజంగానే అంది. మేస్త్రి ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

'మనవాళ్లు'ను ఎవరూ నిషేధించలేదు. కర్రలు పట్టుకుని ఎవరూ రాలేదు. చూసేవాళ్లు తగ్గారు, ప్రకటనలు తగ్గాయి, యజమాని ఒకరోజు అందరికీ కాఫీలు ఇప్పించి విషయం చెప్పాడు. కొత్తాయన విచారం ప్రకటించాడు. ప్రజాస్వామ్యానికి ఇది లోటు అన్నాడు. ఆయనకు నిజంగానే బాధ కలిగిందని బావమరిది చెప్పాడు. జ్ఞాపకంగా ఉంచుకుంటానని కొత్తాయన తన బొమ్మను అడిగి తీసుకున్నాడు. తన కార్యాలయం బయట, జనం వేచి ఉండే హాల్లో, అద్దాల పెట్టెలో పెట్టించి పైన దీపం వేయించాడు. బయటి దేశాల వాళ్లొస్తే, "మా దగ్గర నన్ను చూసి కూడా నవ్వొచ్చు" అని చూపించేవాడట.

మేస్త్రి బట్టల దుకాణాల బొమ్మలకు తిరిగి వెళ్లాడు. చేయి మరిచిపోలేదు, ఎవరివీ కాని మొహాలు చకచకా వచ్చేశాయి. ఒకరోజు భార్యకు చెప్పకుండా వెళ్లి పన్ను పెట్టించుకుని వచ్చాడు. ఇన్నాళ్లు పోరిన ఆవిడ, అది చూసి ఎందుకో ఒక్క మాటా అనలేదు. గొంతన్నకు బస్టాండులో ఉద్యోగం దొరికింది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పాలి. ఆ పనిలో ఆయన సొంత గొంతే వాడేవాడు. మేస్త్రి ఎంత దూరమైనా ఆ బస్టాండు తప్పించి, చుట్టు తిరిగి వెళ్లేవాడు. ఒక్కసారి మాత్రం తప్పక వెళ్లవలసి వచ్చింది. తలమీద నుంచి ఆ గొంతు, ఎక్కవలసినవాళ్లు తొందరగా ఎక్కాలని చెబుతుంటే, పట్టుబడ్డ దొంగలా తల వంచుకుని బస్సెక్కాడు.

ఇలా కొన్నేళ్లు పోయాక బావమరిది ఫోన్ చేశాడు. "బొమ్మకి ఏదో అయింది బావా. కొంచెం జారింది. నువ్వొచ్చి సరిచేస్తే పోతుంది." మేస్త్రి పనిముట్ల సంచి తీసుకుని వెళ్లాడు.

అది పెద్ద హాలు. గోడ వెంబడి బెంచీల మీద జనం అర్జీలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పిలుపు వచ్చినవాళ్లు లోపలికి పోతున్నారు, వెళ్లినవాళ్లు బయటికొస్తున్నారు. మధ్యలో అద్దాల పెట్టె. దూరం నుంచే మేస్త్రి కాళ్లు ఆగిపోయాయి.

పెదవి తిరిగి వచ్చింది. ఇన్నేళ్లు దీపం వేడికి రబ్బరు మెత్తబడి, గడ్డం దిగి, కింది పెదవి తనంతట తనే ముందుకు జారింది. మట్టిలో ఆయన మొదట చేసినట్టే, వేలెడు. తెల్ల బట్టల్లో కొత్తాయన ఆ బెంచీల మీది జనాన్నంతా చూస్తూ, అయిందా, ఇంకా ఉందా అంటున్నాడు. ఒక్క క్షణం మేస్త్రికి ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. తను చేసిందే అన్నంత సంతోషం. తను చేయలేదన్న సంగతి వెంటనే గుర్తొచ్చింది.

"చూశావా ఎలా అయిందో" అన్నాడు బావమరిది గొంతు తగ్గించి. "సారు గమనించలేదింకా. మధ్యాహ్నం ఎవరో అతిథులొస్తున్నారు. ముందు ఎలా ఉందో అలా చేసెయ్ బావా. అవుతుంది కదా?"

రబ్బరు జారిపోయింది, ఇక చేసేదేమీ లేదు అంటే సరిపోయేది. నోటి చివర ఉంది ఆ మాట. అందరూ నమ్మేవారు. బావమరిదికి రబ్బరు గురించి ఏం తెలుసు? ఒకప్పుడు అదే రబ్బరు మీద అబద్ధం ఆడి పెదవిని చంపినవాడు, ఇప్పుడు అదే అబద్ధం ఆడితే పెదవి బతికేది. అప్పుడు తడబడకుండా వచ్చిన అబద్ధం ఇప్పుడు రాలేదు. బావమరిది నవ్వుతూ చూస్తున్నాడు.

"అవుతుంది" అన్నాడు మేస్త్రి.

పెట్టె తెరిచి, బొమ్మ నోట్లోకి చేయి పోనిచ్చి, సూదితో లోపలి నుంచి కుట్లు వేసి, జిగురు రాసి, పెదవిని వెనక్కి లాగి బిగించాడు. చేయి మంచిది కదా, కుట్టు ఎక్కడా కనపడలేదు. అంతసేపూ ఒక వయసు మళ్లిన అటెండరు పక్కన నిలబడి దీపం పట్టుకున్నాడు. బెంచీల మీద అంతకుముందు వినపడిన గుసగుసలు, కిసకిసలు ఒక్కొక్కటే ఆగిపోవడం మేస్త్రి వీపుకి తెలుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

బావమరిది వచ్చి చూసి, తృప్తిగా తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. అటెండరు దీపం కింద పెట్టి, బొమ్మను కాసేపు చూశాడు.

"ఇది మొదట చేసినాయన మీకు తెలుసాండీ?" అన్నాడు మెల్లగా. "ఈమధ్య పొద్దున్నే వచ్చినవాళ్లంతా దీన్ని చూసి ఒకటే నవ్వు. లోపలికి వెళ్లొచ్చాక ఇంకా నవ్వేవాళ్లు. వాళ్ల బాధలు వాళ్లకుండగానే. మేం కూడా నవ్వుకునేవాళ్లమనుకోండి, తలుపు చాటున. ఎవరు చేశారో గానీ, ఇంత ధైర్యంగా తీసుకొచ్చి ఆయన గుమ్మంలోనే పెట్టాడు మహానుభావుడు అనుకునేవాళ్లం."

మేస్త్రి సూది, దారం, జిగురు సంచిలో సర్దుకుంటున్నాడు. పెట్టుడు పంటిని నాలుకతో ఒకసారి తడుముకున్నాడు.

"మీరేనా ఏంటి?" అన్నాడు అటెండరు, ఆ తడుముకోవడం చూసో, ఎందుకో.

"కాదు" అన్నాడు మేస్త్రి. "నేను రిపేర్లు చేసేవాణ్ణి."

సంచి భుజాన వేసుకుని బెంచీల మధ్య నుంచి బయటికి నడిచాడు. ఎవరి ముక్కూ చూడలేదు.